పెరటి గుమ్మంలో కూరలవాడు

షెఫీల్డ్‌లో ఒక కేర్ హోమ్. ఆదివారం మధ్యాహ్నం. గది బయట అప్పలస్వామి, కేరర్ శ్రీజ.

"ఇదే లాస్ట్ ఛాన్స్, అంకుల్. ఇవాళ కూడా ఆవిడ మిమ్మల్ని గుర్తుపట్టకపోతే ఇంక విజిట్స్ ఆపేయమంది మేనేజర్."

"నా అప్పని నేను చూసుకోడానికి ఆవిడెవత్తమ్మా ఆపడానికి?"

"అరవకండి, ప్లీజ్. మావైపు విజయనగరంలో కూడా అక్కని అప్పా అనే అంటాం, నాకర్థమవుతుంది. కానీ మీరొచ్చి వెళ్ళాక మరియాగారు సాయంత్రమంతా వణుకుతున్నారు."

"మరియా ఏంటి మరియా! నరసమ్మ. మా అమ్మ పెట్టిన పేరు."

"కేర్ ప్లాన్‌లో మరియానే ఉంది. పోర్చుగీస్ అనుంది. అడుగుదామంటే పిల్లలిద్దరూ పోయారు. మీ దగ్గర ఒక్క పేపర్ అయినా..."

"కాగితాలే కదమ్మా మా కొంప ముంచింది! సౌతాఫ్రికాలో, మా డర్బన్‌లో, తెల్లోళ్ళ గవర్నమెంటు ఇచ్చిన జాతి కార్డులు. నా దాంట్లో ఇండియన్, అప్పదాంట్లో వైట్. ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్ళం."

"అదెలా?"

"తెల్లగా ఉండేది. తెల్లాయన్ని ఇష్టపడింది. మనవాళ్ళు వాళ్ళని చేసుకుంటే జైలే అప్పుడు. పోర్చుగీసు పిల్లనని రాయించుకుని వెళ్ళిపోయింది. పిల్లలకి తెల్లోళ్ళ బడి, తెల్లోళ్ళ వీధి. మా వీధినేమో బుల్డోజర్లతో లేపేశారు, ఇండియన్లు ఊరవతలకి పొమ్మని."

"మళ్ళీ కలవలేదా మీరు?"

"ఒక్కసారి. అమ్మ పోయింది. చెప్పాలి కదా! పదో రోజు అయ్యాక వెళ్ళాను. పెరటి గుమ్మానికే వెళ్ళాన్లే, కూరల బుట్ట ఒకటి పట్టుకుని. నా బుద్ధి తక్కువ, గుండు సంగతే మర్చిపోయాను."

"గుండా?"

"అమ్మకి కర్మ చేశాను కదా. టోపీ అయినా పెట్టుకోలేదు. లోపల ఆఫీసరున్నాడు, అప్ప తెల్లది కాదని ఎవరో పితూరీ చేస్తే విచారణకొచ్చాడు. వీడెవడని అడిగాడు. అప్ప నా గుండు చూసింది. ఎవరు పోయారో దానికి తెలీదా? నాన్న ఎప్పుడో పోయాడు. అయినా కంట్లో చుక్క రాలేదమ్మా. 'కూరలవాడు, నేనెరగను' అంది. తలుపేసేసింది."

"అయ్యో..."

"యాభై ఐదేళ్ళు. మొగుడు పోయాక ఈ దేశమొచ్చి, అప్పటికే ఇక్కడున్న నాకు ఉత్తరం రాసింది, నేను విప్పలేదు. కన్నతల్లికి ఏడవని మనిషి నాకేం రాస్తుందిలే అనుకున్నాను. మొన్న సంక్రాంతి వెళ్ళాక విప్పాను. ఒక్కసారి రారా అనుంది. నేనొచ్చేసరికి దానికి మతి పోయింది."

"పదండి లోపలికి. నేను అడుగుతాను... మరియా, చూడండి, ఎవరొచ్చారో. ఈయన తెలుసా మీకు?"

"నో, సర్."

"సర్ కాదండీ, నేను శ్రీజని. సరిగ్గా చూడండి. మీ తమ్ముడేనా?"

"నో బ్రదర్. ఐ డోంట్ నో దిస్ మ్యాన్."

"అప్పా! నేనే, అప్పలస్వామిని! లండన్ పక్క క్రోయిడన్ నుంచి రెండు రైళ్ళు మారి వచ్చానే నీకోసం. ఒక్కసారి పేరు పెట్టి పిలువు, చాలు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ప్లీజ్ సర్, సెండ్ హిమ్ అవే."

"అంకుల్, చూడండి ఎలా వణుకుతున్నారో. సారీ అంకుల్. గుర్తుపట్టలేదని రాయక తప్పదు నాకు."

"రాసుకో. రాసుకోమ్మా. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. దానికి నేనెప్పుడూ ఎవర్నీ కాను."

"అలా అనకండి. ఫైవ్ మినిట్స్ కూచోండి, నేను డోర్ వేసి బయటుంటా. మేనేజర్‌కి తర్వాత చెప్తాను."

"వద్దులే, నేనూ వస్తాను. అదిగో, అప్పుడే తలుపేసి వెళ్ళిపోయింది. ఏంటప్పా? చెయ్యి ఎందుకు లాగుతున్నావు? ఏం కావాలి? మంచినీళ్ళా?"

"ఆఫీసరు పోయాడా?"

"అప్పా!"

"ష్. దగ్గరికి రారా, తమ్ముడూ. అమ్మ ఎలా పోయిందిరా? మెల్లిగా చెప్పు. నేను ఏడిస్తే నా పిల్లల్ని పట్టుకుపోతారు."