శక్కర సేటు మొకం

పటాన్‌చెరు, 1967. పొద్దెక్కుతున్నది. గడప లోపల సుశీలమ్మ. గడప బయట ఆమె ఎన్నడూ చూడని ఒక ఆడమనిషి.

"బొమ్మలు గీసెటోళ్లు ఈ ఇంట్ల ఎవ్వలు లేరని చెప్తున్న గద. ఎన్నిసార్లు చెప్పాలె?"

"గట్ల తలుపెయ్యకక్కా. నేను కొట్లాటకు రాలే."

"కొట్లాటకు రానోళ్లు పొద్దుగాల్నే ముసుగేసుకొని వస్తరా? పక్కిల్లు అడుగు పో. ఇది కాదు."

"ఇదే. సైకిల్ దుకాణానికి ఎదురుంగ ఇల్లు అని కాయితం మీద రాసున్నది."

"ఎవరు రాసిన్రు కాయితం?"

"చెప్త. జెర కూసోనీ. సంగారెడ్డి నుంచి బస్సుల నిలవడి వచ్చిన."

"ఇంట్లకు రా మరి. గడపకాడ నిలవడితె నలుగురు సూస్తరు."

"ఇంట్లకు రావద్దు. మైల మీదున్న. ఇయ్యాల తొమ్మిదో దినం. నువ్వు బొట్టుతోని ఉన్నదానివి, పొద్దుగాల్నే నా మొకం సూసుడే మంచిది కాదు."

"అయ్యో. ఎవరు పోయిన్రు?"

"మా ఇంటాయన."

"తొమ్మిదో దినం నాడు గడప దాటినవా? మీవోళ్లెట్ల తోలిచ్చిన్రు తల్లీ?"

"తోలియ్యలే. చిన్నబిడ్డకు చెప్పి దొడ్డి దర్వాజ నుంచి వచ్చిన. నా పేరు కమల. మా సంగారెడ్డి గంజ్ బజార్ల శక్కర వీరేశం ఉన్నడు గద, ఆయన భార్యను."

"శక్కర వీరేశమా?"

"ఇన్నవన్నట్టు."

"ఎవ్వలు ఇనలే? తాలూకా మొత్తం శక్కర గుత్త పట్టినాయన. కంట్రోల్ దుకాణం ముందల సంచి పట్టుకోని నిలవడ్డ ప్రతి ఆడిది ఆయన్ను... వద్దు. పోయినోళ్లను అనొద్దు. తప్పు."

"అనక్కా. నీ కొడుకు రెండేండ్ల సంది అంటనే ఉన్నడు గద."

"నా కొడుకా? మా ప్రహ్లాద్ కార్ఖానాల పని చేస్తడు. మిషిన్ల నక్షలు గీస్తడు. గంతే."

"మరి బొమ్మ కింద 'గండుచీమ' అని సంతకం పెట్టేది ఎవరు?"

"నాకేమెరుక? పత్రికలు గిత్రికలు నాకేమెరుక?"

"నీ ఎనుక గోడకు అంటిచ్చి ఉన్నది గద ఒకటి. గా ఓడ బొమ్మ. ఓడ నిండ శక్కర బస్తాలు. రేవుల మా ఆయన సలాం కొడ్తున్నడు. ఒడ్డు మీద ఖాళీ కప్పు పట్టుకోని ఒక ఆడామె. 'అమ్మా, శక్కర దేశం దాటింది, సుంకం మీకు మిగిలింది' అని కింద మాట."

"పాత కాయితం. గోడకు చెమ్మ పట్టిందని అంటిచ్చినం."

"నాకన్ని నోటికొస్తయక్కా. చీమలు రేషన్ కార్డులు పట్టుకోని లైన్ల నిలవడ్డ బొమ్మ. పై దేశం శక్కర రాకుంట సర్కారు సుంకం గోడ కట్టింది, ఆ గోడ మీద ఈయన పరుపేసుకోని పండుకున్నది. చెరుకు రైతు బెల్లం పెనానికి ఈయన తాళమేసి, చాబీ మొలతాడుకు కట్టుకున్నది."

"నవ్వుతున్నవేందమ్మా? మైల మీదుండి?"

"ఏం జెయ్యాలె? ఆ మొలతాడు బొమ్మ వచ్చిననాడు గూడ మూలకు పోయి నవ్విన. అబద్ధమేమున్నది దాంట్ల? ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఎవ్వలు బెల్లం వండొద్దని ఫర్మానా తెప్పిచ్చింది మా అన్నలే. ఈయన పేరుకు ముందల నిలవడేది."

"ఇగ ఇప్పుడేం గావాలె నీకు? సంతకం ఎవరిదో తెల్సుకోని పోలీసులను తెస్తవా? వాడు ఇరవై రెండేండ్ల పోరడు. వానికి నేను, నాకు వాడు. నీ కాళ్లు మొక్కుత, మమ్ముల ఇడిసిపెట్టు."

"పోలీసులా? నాకు బొమ్మ గావాలె అక్కా."

"ఏం బొమ్మ?"

"మా ఆయన బొమ్మ. ఎల్లుండి పదకొండో దినం. పటానికి దండ ఎయ్యాలె. పటం లేదు. ఒక్క ఫోటో లేదు. పెండ్లిల గూడ దిగలే. ఫోటో దిగితె ఆయుష్షు తగ్గుతదనేటోడు. కెమెరా కనపడితె చాలు, పని ఉన్నదని బయటకెల్లిపోయేటోడు. ఇప్పుడాయన మొకం ఈ లోకంల ఎక్కడన్న ఉన్నదంటె నీ కొడుకు గీసిన బొమ్మలల్లనే."

"బస్తాల మీద కూసున్న బొమ్మకు దండేస్తరా?"

"బస్తాలు తీసెయ్యమను. పొట్ట జెర తగ్గియ్యమను. మొకం మాత్రం ముట్టొద్దను. అచ్చం గదే."

"నా కొడుకు మీ ఆయన్ను ఎన్నడు సూడలే."

"సూడకుంట ఎట్ల గీసిండు?"

"ఒట్టు. శక్కర సేటని గీసిండు, గంతే. సంగారెడ్డోళ్లే 'ఇది మా వీరేశం' అనుకున్నరు. వాడు పత్రికాఫీసుకు పోయినప్పుడు ఆ ముచ్చట చెప్తె వాడే పరేషానయ్యిండు. వీరేశం ఎవరని అడిగిండట."

"మరి గా ఎడమ చెవి? సూడు, తమ్మె చీలి ఉన్నది. ప్రతి బొమ్మల ఉన్నది. మా ఆయన రుమాలు ఎప్పుడు చెవుల మీదికి కట్టేది. పండుకుంటె గూడ తియ్యకపోయేది. ఆ చీలిన తమ్మె పదహారేండ్లల్ల నేనొక్కదాన్నే సూసిన. నా బిడ్డలు గూడ సూడలే. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలిందన్నడు."

"ఎద్దు కాదు."

"ఏందక్కా?"

"ఏం లేదు. కొమ్ము తగిల్తె గట్ల చీలదంటున్న. చాయ తాగుతవా? శక్కర లేదు, బెల్లం చాయ. శక్కర సేటు ఇంటామెకు బెల్లం చాయ పోసిన్రంటె నవ్వుతరేమో."

"మా ఇంట్ల గూడ బెల్లమే. గోదాం చాబీలు మా అన్నలకాడ. చాయ వద్దు గని, ముందుగాల చెప్పు. చెవి సంగతి నీ కొడుకుకు ఎవరు చెప్పిన్రు?"

"ఎవ్వలు చెప్తరు? వాడు చిన్నప్పటి సంది గీసే మొకం అది. పలక మీద గదే, గోడ మీద గదే. వానికి ఇంకో మొకం రాదు."

"ఎవరి మొకం?"

"కథల మొకం. అన్నం తినిపిచ్చుకుంట నేను చెప్పేది. ఎడల్పు నొసలు, కలిసిన కనుబొమ్మలు, గిట్ల చీలిన చెవి. 'గిట్లనా అమ్మా' అని గీసేది. ముక్కు ఇంకా జెర పొడుగురా అంటె చెరిపి మల్ల గీసేది."

"కథల మొకమైతె శక్కర సేటుకెందుకు పెట్టిండు?"

"నేను గూడ అడిగిన. గా మొకం పెట్టకు బిడ్డా అన్న. 'కోపమొస్తె చెయ్యి గదే గీస్తదమ్మా, నేనేం జెయ్యాలె' అన్నడు."

"మీ ఇంటాయన ఏమనడా వాన్ని? ఉన్నడు గద?"

"ఉన్నడు."

"పనికి పోయిండా?"

"పోయిండు."

"ఎప్పుడొస్తడు?"

"నువ్వు చెప్పమ్మా. మొదటి బొమ్మ సూసినప్పుడు మీ ఆయన ఏమన్నడు? మస్తు కోపానికొచ్చిండా?"

"కోపమా! చాయ తాగుతుండె. మా పెద్దన్న పత్రిక తెచ్చి ముందలేసిండు, 'సూడు బావా నీ అవతారం' అని. కప్పు చేతులనే ఉన్నది, చాయ మొత్తం ధోతి మీద పడ్డది. కాలలేదా అంటె ఇనపడలే. లేసి అద్దం ముందల రుమాలు తీసిండు. చెవి పట్టుకోని చానసేపు నిలవడ్డడు. మా అన్నలు దావా ఎయ్యాలన్నరు. ఈయన వద్దన్నడు. 'పోరని చెయ్యి మంచిగున్నది' అన్నడు."

"గట్లన్నడా? పోరడు అన్నడా?"

"గదే మాట. అప్పటికి గీసెటోడు పోరడో ముసలోడో మాకెవ్వలకు తెల్వదు. ఇగ ప్రతి వారం పత్రిక తెప్పిచ్చి ట్రంకుల దాసేది. దావాకు సాక్ష్యం జమజేస్తున్నడని గంజ్ మొత్తం అనుకున్నది. గా ఓడ బొమ్మ వచ్చిననాడైతె కండ్లకు దగ్గర పెట్టుకోని సూసిండు. తన మొకం కాదు, కప్పు పట్టుకున్న ఆడామెను. 'గింత బక్కగైందా' అన్నడు. నేను దేశమాత అనుకున్న."

"తర్వాత?"

"తెల్లారి గోదాం తీసి కంట్రోల్ ధరకు శక్కర అమ్ముమన్నడు. మా అన్నలు నవ్విన్రు. ఇల్లరికం అల్లుని మాట ఎవరింటరు? ...అక్కా, జెర వెలుతురుకు జరుగు. నువ్వు అచ్చం గా ఓడ బొమ్మల ఆడామె లెక్కనే ఉన్నవ్."

"కొడుకు తల్లినే గీస్తడు. ఇంట్ల ఇంకెవరున్నరు? మీ ఆయనది... ఏ ఊరమ్మా ఆయనది?"

"బీదర్ దిక్కు అన్నడు. పోలీస్ యాక్షన్ సంవత్సరం గడ్‌బడ్ల ఇల్లు కాలిందట. అందరు పోయిన్రట. కాళ్లకు చెప్పులు లేకుంట ఒక్కడే వచ్చిండు. మా బాపు జాలిపడి తూకంకాడ పెట్టిండు. రెండేండ్లు సూసి నన్నిచ్చిండు."

"అందరు పోయిన్రన్నడా? తన నోటితోటి అన్నడా?"

"అన్నడు. ఎందుకు?"

"కాలిన ఇంటికి మల్ల పోయి సూసిండో లేదో అని. గా కాలిన గోడల నడుమ మూడు నెలలు ఉన్నోళ్లు గూడ ఉన్నరు. మనిషి వాపసొస్తె ఎక్కడ వెతుక్కుంటడో అని. తినడానికి లేకుంట, చిన్న పోరన్ని పట్టుకోని."

"నీకెట్ల తెలుసు?"

"చెప్పుకుంటరు గద. ...గా కాయితం. నా ఇల్లు రాసిన కాయితం. ఎవరు రాసిన్రన్నవ్?"

"ఆయనే. ట్రంకుల అన్ని పత్రికల కింద ఉండె. పత్రికాఫీసుల ఎవన్ని బతిమిలాడి పట్టిండో. ఆర్నెల్ల సంది ప్రతి బేస్తవారం పటాన్‌చెరు పోతున్న, దుకాణం పని ఉన్నదని బస్సెక్కేది. మొన్న గుమాస్తాను అడిగిన. పటాన్‌చెరుల మనకేం పని లేదమ్మా అన్నడు."

"తెల్ల రుమాలు. నల్ల గొడుగు."

"ఏంది?"

"చెప్పు. తెల్ల రుమాలు చెవుల మీదికి కట్టుకోని, నల్ల గొడుగేసుకోని వచ్చేదా?"

"నువ్వు సూసినవా?"

"కిటికీల నుంచి. సైకిల్ దుకాణం ముందల నిలవడేటోడు. ఎప్పుడు సూడు గొడుగు నీడల మొకం. నాకు కండ్లు సక్కగ ఆనవు. సీఐడీ అనుకున్న. లేకుంటె శక్కర సేటు తోలిచ్చిన మనిషి, నా కొడుకును కొట్టనీకె మోక సూస్తున్నడనుకున్న. ప్రహ్లాద్‌కు చెప్పలే. చెప్తె బయటకురికి కలబడ్తడు."

"ఎన్నడొచ్చిండు ఆఖరికి?"

"మొన్న కాదు, దాని ముందటి బేస్తవారం. గంటసేపు నిలవడ్డడు. గొడుగు మడిచి చేతుల పట్టుకున్నడు."

"గదే. గా దినం పోయొచ్చి పండుకున్నడు. మల్ల లేవలే. శుక్రారం తెల్లారేసరికి అయిపోయింది."

"ఏమన్న చెప్పిండా? పోయేముందుగాల?"

"చెప్పుడేమున్నది. 'కిటికీ తియ్యిండ్రి' అన్నడు. ఒక్కసారి కాదు, అంటనే ఉన్నడు. మా ఇంట్ల అన్ని కిటికీలు తెరిచే ఉండె. చెయ్యి పట్టుకోని తలుపు రెక్క ముట్టిపిచ్చిన గూడ, ఇగో తెరిచే ఉన్నదని. ఇనలే. ...అక్కా! ఏమైంది? గట్ల కిటికీ దిక్కు సూస్తున్నవేంది?"

"నేనే మూసిన చెల్లె."

"ఏం మూసినవ్?"

"గొడుగు మడిచి మా ఇంటి దిక్కు ఒక అడుగేసిండు. రెండడుగులేసిండు. నేను భయానికి కిటికీ దడాలున ఏసిన. గొళ్లెం పెట్టిన. లోపటి నుంచి తిట్టిన గూడ. 'నీ మొకం మండ, ఇంకోసారి ఈ దిక్కు రాకు' అన్న. ఇనపడ్డదో ఏమో. ఇనపడే ఉంటది."

"నువ్వెందుకు ఏడుస్తున్నవక్కా? ఎవరో అనుకోని మూసినవ్. ఆయన ఇక్కడికెందుకొచ్చిండు అసలు? గీసెటోన్ని సూడనీకెనా? నా దిక్కు సూడు. ఎద్దు కాదన్నవ్ ఇందాక. నేను ఇన్న. ఎద్దు కాకుంటె ఏంది?"

"బంగారు పోగు ఉండె ఆ చెవికి. యాడాదిన్నర పోరడు, సంకల కూసోని పట్టి గుంజిండు. రక్తం అంగీ మీద కారింది. నేను పోరన్ని కొట్టవోతె అడ్డమొచ్చిండు. నవ్వుకుంట, 'గట్టి చెయ్యిరా నీది' అన్నడు."

"ఎవరి పోరడు?"

"ఎల్లుండి ఎన్నిగొట్టంగ మొదలువెడ్తరు?"

"ఎవరి పోరడక్కా?"

"చెప్పు ముందు. ఎవరు చేస్తున్నరు పెద్దకర్మ?"

"మా తమ్ముడు. నాకు ఇద్దరు ఆడపిల్లలే గద. తలకొరివి గూడ వాడే పెట్టిండు. పొద్దుగాల పది గొట్టంగ, చెరువు కట్టకాడ."

"సరే. బొమ్మ గీయిస్త. బస్తాలుండవు, పొట్ట ఉండదు. రుమాలు గూడ ఉండదు. చెవి కనపడ్తది. మీవోళ్లకు సమ్మతమేనా?"

"ఎవ్వలకు సమ్మతం కాకున్న నాకు సమ్మతమే. నీ కొడుకు ఒప్పుకుంటడా?"

"ఒప్పుకోడు. ముందుగాల కాయితం చింపుతడు. నా మీద అరుస్తడు. ఇన్నేండ్లు ఎవరి మీద కోపం పెట్టుకున్ననని అడుగుతడు. నేను చెప్పాలె. షిఫ్టు దిగి రానీ, చెప్త. ఎట్ల చెప్తనో నాకే తెల్వదు."

"ఎల్లుండి పొద్దుగాల్నే మా తమ్మున్ని తోలిస్త మరి. బొమ్మ వాని చేతికియ్యి."

"వద్దు చెల్లె. బొమ్మ ప్రహ్లాదే తెస్తడు. మీ తమ్మున్ని జెర పక్కకు జరగమను, పిండం గూడ వాడే పెడ్తడు."