బొట్టుబిళ్ల పెట్టిన చోట

ఆదివారం పొద్దున, బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఒక ఇంటి ముందు. కారు స్టీరింగ్ కింద తల దూర్చి ఈశ్వరప్రసాద్. తలుపు దగ్గర కాఫీ కప్పుతో ఆయన భార్య కుసుమ. వెనకాల, కారుకి తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి, ఇంకా ఎక్కడికీ వెళ్లని క్యారవాన్.

“అది కాదు కుసుమా, ముందు టార్చి ఇటు పట్టు.”

“కాఫీ పట్టుకోనా, తలుపు పట్టుకోనా, టార్చి పట్టుకోనా? దేవుడు రెండే చేతులిచ్చాడు.”

“కాఫీ అక్కడెక్కడైనా పెట్టు. టార్చి ఇంకా కిందకి. ఆ, అలా. ఆ నీలం వైరు కనిపిస్తోందా?”

“కనిపిస్తోంది. మీ కాళ్లు కూడా కనిపిస్తున్నాయి, సగం ఫుట్‌పాత్ మీదకి. ఎదురింటి డెబ్బీ కుక్కతో వాకింగ్‌కి పోతూ ‘ఈజ్ హీ ఓకే?’ అనడిగింది.”

“ఏం చెప్పావ్?”

“కొన్నాళ్లుగా ఇంతేనన్నాను.”

“చెప్పావులే. ఆ నీలం వైరే వెనక వాన్ బ్రేకులకి పోయేది. దాన్ని పక్కకి లాగి పట్టుకో. గట్టిగా కాదు.”

“ఏవండీ, నాకు తెలీక అడుగుతా. కారు బ్రేకు తొక్కితే వెనకాల వాన్‌కి కూడా బ్రేకు పడాలి. అంతేగా ఈ డబ్బా చేసే పని?”

“అంతేగా అంటే ఎలా? రెండు టన్నుల పైన బరువది. మనం ఆగి అది ఆగకపోతే వచ్చి మన వీపెక్కుతుంది. ఎప్పుడు పట్టాలో, ఎంత పట్టాలో దానికి చెప్పేది ఈ బ్రేక్ కంట్రోలరే.”

“అయితే మాత్రం. పెళ్లిచూపులకొచ్చి, పావుగంటలో రెండు జంతికలు తిని, నన్ను సరేనన్నారు. ఈ డబ్బాకి మాత్రం దీపావళి నుంచీ చూపులే.”

“నిన్ను చూడగానే తెలిసిపోయింది, తిప్పి తగ్గించుకోడానికి బటనేదీ లేదని. ఇంక ఆలోచించి ఏం లాభం?”

“ఊఁ, బాగానే ఉన్నాయి మాటలు. మొదట కొన్న డబ్బాకేం రోగం? దాన్ని తెచ్చిన రోజు ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించారు. అపూర్వ అయితే ‘డాడ్ ఈజ్ గోయింగ్ టు మ్యారీ దట్ థింగ్’ అంది. ఉగాది వెళ్లగానే ఉన్నట్టుండి నచ్చలేదని తిరిగిచ్చేశారు.”

“దాని మీట బిరుసు. బలంగా నొక్కాలి.”

“మీ చేతికి బిరుసా? గోంగూర సీసా మూత మీరే గదా తీసేది.”

“రెండోదానికేమో అంకెలు మరీ చిన్నవి. చదువుకునే కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ కనపడవు.”

“మీకు ఆ కళ్లద్దాలు లేవుగా. ఉన్నవి నాకు.”

“ఇదయితే అంకెలే లేవు చూడు. చిన్న గుండ్రటి నాబ్, అందులో లైటు. బ్రేకు ఎక్కువ పడేకొద్దీ రంగు మారుతుంది. డబ్బా లోపల ఎక్కడో ఉంటుంది, బయటికి ఈ నాబ్ ఒక్కటే. బొటనవేలితో నొక్కితే చాలు.”

“శ్యామసుందరి గారు వాళ్లాయన పోయాక ఒక్కరే వాన్ తగిలించుకుని బండబెర్గ్ దాకా పోయొచ్చారు. ఆవిడ కూడా ఇంత హడావిడి చెయ్యలేదు.”

“ఆవిడ సంగతి వేరు. ఆవిడ్ని చూస్తే వాన్ తనంతట తనే ఆగిపోతుంది. అది సరే గానీ, మీ శనివారం పారాయణం ఆవిడింట్లోనేగా?”

“అవును. అయితే?”

“విష్ణు సహస్రనామం ఎండలో నిలబడి చదువుతారా? నిన్న నువ్వొచ్చేసరికి ముక్కు ఎర్రగా కమిలిపోయి, నుదుటి మీద టోపీ అచ్చు పడి ఉంది.”

“వెనక వరండాలో కూర్చుంటాం. ఎండ తగులుతుంది.”

“చెప్పుల నిండా మట్టి.”

“తోటలో పూలు కోశాం పూజకి. మీరు నన్ను ప్రశ్నలేస్తారేంటి? నేనడిగినదానికి జవాబు చెప్పండి ముందు. రేపు పొద్దున బయల్దేరుతున్నామా లేదా?”

“చూద్దాం.”

“చూద్దాం కాదండీ. ఈ హాస్పిటల్లో చేరాక నేను ఇన్ని వారాలు సెలవు పెట్టడం ఇదే మొదలు. లాంగ్‌రీచ్ దాకా అన్నారు, ఆకాశం నిండా నక్షత్రాలన్నారు. పప్పులూ పొడులూ అన్నీ వాన్‌లో సర్దేశా. ఈసారి కూడా వాయిదా అన్నారంటే, వాన్ తీసుకెళ్లి ఉదయశ్రీ వాళ్లకిచ్చేస్తా. ఎప్పట్నుంచో అడుగుతున్నారు.”

“ఇది కుదిరితే రేపే.”

“కుదరకపోతే?”

“కుదరకపోతే నువ్వన్నట్టే. ఉదయశ్రీ వాళ్లకిచ్చేద్దాం.”

“అదేంటి? నేనేదో మాటవరసకన్నాను.”

“నేను మాటవరసకనట్లేదు. ఏదీ, కాఫీ ఇలా ఇయ్యి. ఎక్కడ పెట్టావ్?”

“మీ ఎడమ పక్కనే.”

“ఎక్కడ?”

“ఇంకొంచెం. ఆగండాగండి, ఒలికిపోతుంది. నేనిస్తా ఉండండి. ఇదిగో.”

“బోనెట్ మీద పెట్టావనుకున్నా.”

“తాగండి. చల్లారిపోయినట్టుంది.”

“పరవాలేదు. కుసుమా, ఒక్కసారి డ్రైవర్ సీట్లో కూర్చో.”

“నేనెందుకు?”

“ఊరికే. వైర్లన్నీ కలిపేశాను. ఇంక నాబ్ ఎక్కడ బిగించాలో చూసి రంధ్రం వెయ్యడమే మిగిలింది. అది ఒకసారి పడిందంటే పడ్డట్టే, మళ్లీ పూడ్చలేం. కూర్చో.”

“ఇదేంటి, సీటు ఇంత ముందుకుంది? మీ మోకాళ్లు పట్టవు గదా ఇందులో. ఎవరు జరిపారు?”

“కింద దూరడానికి నేనే జరిపా.”

“కింద దూరాలంటే వెనక్కి జరపాలి గదండీ.”

“టార్చి ఎక్కడ పెట్టావ్?”

“నా చేతిలోనే ఉంది. అద్దం కూడా నా ఎత్తుకే ఉందే. దిండొకటి వేశారు సీటు మీద, పూజగదిలోది.”

“మెత్తగా ఉంటుందని. ఇప్పుడు చూడు, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకో. హైవే మీద పోతున్నావనుకో. పక్కనించి మూడు ట్రెయిలర్లు లాగే ఓ పెద్ద లారీ, రోడ్ ట్రెయిన్, దూసుకుపోయింది. ఆ గాలికి వెనకాల వాన్ తోకాడించడం మొదలెట్టింది. ఏం చేస్తావ్?”

“నేనెందుకు చేస్తా? నేను పక్క సీట్లో మురుకులు తింటూ ఉంటా.”

“అనుకో అంటున్నానా? అందరూ ఏం చేస్తారంటే, కంగారుపడి కారు బ్రేకు తొక్కేస్తారు. తొక్కకూడదు. ఈ నాబ్ నొక్కాలి. అప్పుడు వాన్ బ్రేకులు మాత్రమే పడి...”

“వాన్ వెనక్కి లాగి, తనే తిన్నగా అవుతుంది. స్టీరింగ్ మాత్రం తిప్పకుండా గట్టిగా పట్టుకోవాలి.”

“అది నీకెలా తెలుసు?”

“మీరు నిద్రలో కూడా అదే కలవరిస్తుంటే నాకు తెలీకుండా ఉంటుందా?”

“నేను నిద్రలో కలవరించను.”

“పడుకున్న మనిషికేం తెలుస్తుంది? పక్కనున్న నన్నడగాలి గానీ. ఇంతకీ ఏం చెయ్యమంటారు నన్ను?”

“నీ పర్సులో బొట్టుబిళ్లలుంటాయిగా, ఒకటియ్యి. గుర్తు పెట్టడానికి.”

“డాష్‌బోర్డుకి బొట్టా? వాహనపూజ రోజు పెట్టిన కుంకం చాల్లేదా? ఇదిగో, ఎర్రదే ఉంది.”

“కళ్లు మూసుకో. స్టీరింగ్ పట్టుకునే ఉండు. నేను ‘వాన్’ అనగానే, నాబ్ ఎక్కడుంటే నీకు అలవోకగా అందుతుందో అక్కడ చెయ్యి పెట్టు. వెతుక్కోకూడదు. వెతుక్కునే టైముండదు. వాన్.”

“ఇదిగో.”

“ఎడమ పక్క పెట్టావేంటి? స్టీరింగుకి కుడిపక్క, కింద, అక్కడ ఖాళీ ఉంది. నేనక్కడే అనుకున్నా.”

“అలవోకగా అన్నారుగా. అలవోకగానే పెట్టా.”

“సరే, నీ వేలు పడ్డచోట బిళ్ల అంటించా. మళ్లీ ఓసారి. కళ్లు మూసుకో. వాన్.”

“ఇదిగో.”

“మళ్లీ అక్కడే. వెంట్రుకవాసి తేడా లేకుండా. ఇంకోసారి. వాన్.”

“ఏవండీ, ఇంక చాలు. డెబ్బీ వెనక్కొస్తోంది. మొగుడు వాన్ వాన్ అనడం, పెళ్లాం కళ్లు మూసుకుని డాష్‌బోర్డు తడమడం. పోలీసులకి ఫోన్ చేస్తుంది.”

“తడమట్లేదు గదా నువ్వు. అదే నాకు అర్థం కాట్లేదు. సూటిగా పోతోంది చెయ్యి.”

“సూదులు గుచ్చీ గుచ్చీ అలవాటైన చెయ్యి. మత్తు డాక్టర్ని గదా. అయినా, నా చేతికి కొలత తీస్తారేం? నడిపేది మీరు గదా?”

“నువ్వు కూడా ఒక్కోసారి నడపాలి గదా. దారిలో నేనో కునుకు తీస్తే?”

“ఒక్కోసారి నడిపే మనిషి కోసం సీటు జరిపారు, అద్దం మార్చారు, పూజగది దిండు తెచ్చారు.”

“పని చేసే వాళ్లతో ఎక్కువ మాట్లాడకూడదు కుసుమా. డ్రిల్లు ఇటివ్వు.”

“ఇవ్వను. ఉగాది నుంచీ మీ చేతిలో కారు తాళం చూళ్లేదు నేను. సన్నీబ్యాంక్ మార్కెట్‌కి కూరలకి పోదామంటే మోకాలు నొప్పన్నారు. గుడికి నన్ను నడపమన్నారు. ‘యాభై సెంట్లకి బస్సుంటే కారెందుకు’ అని మీరన్న రోజు, ఇది మా ఆయనేనా అనుకున్నా.”

“బస్సు మంచిదే గదా.”

“మంచిదే. చెప్పండి.”

“ఏం చెప్పమంటావ్?”

“ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి సీసా వెనకాల ఉన్నదాని గురించి చెప్పండి.”

“ఏ సీసా?”

“పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది మీ యవ్వారం. కంటి చుక్కల మందు దాచడానికి మీకు ఫ్రిజ్ మొత్తంలో గోంగూర పచ్చడి వెనకాలే చోటు దొరికిందా? ఈ ఇంట్లో గోంగూర లేకపోతే ముద్ద దిగనిదెవరికి?”

“నీకు.”

“అపూర్వ కొన్న ఓట్స్ పాలు కింది అరలో ఉన్నాయి. నేను జన్మలో ముట్టుకోను. అక్కడ పెట్టుంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.”

“నాకు తట్టలేదు.”

“చెప్పండి మరి.”

“పక్కచూపు తగ్గింది కుసుమా. రెండు కళ్లకీ. ఎదురుగా బాగానే ఉంది, నీ ముక్కు మీద ఎండ మచ్చతో సహా కనిపిస్తోంది. పక్కలే లేవు. పోయినది ఇంక రాదట. ఉన్నది కాపాడుకోమన్నాడు కంటి డాక్టరు. స్టీరింగ్ మాత్రం ముట్టుకోవద్దన్నాడు.”

“ఉగాది ముందేనా?”

“ముందు వారం. అప్పట్నుంచీ ముట్టుకోలేదు. ఒట్టు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“భయమేసింది. కళ్లకి కాదు. చెప్తే నువ్వు ట్రిప్పు వద్దంటావని. ఇంట్లో కూర్చోబెట్టి, చుక్కలేసి, ఆ డాక్టరూ ఈ డాక్టరూ అని తిప్పుతావని. నాకేమో ఈ చూపు ఉండగానే ఆ ఆకాశం ఒక్కసారి నిండుగా చూడాలనుంది.”

“అందుకని ఈ డబ్బాలన్నీ.”

“మొదటిది నీ వేలికి బిరుసు. రెండోది నీ కంటికి ఆనదు. ఇది నీ చేతికి కుదిరితే చెప్పేద్దామనుకున్నా. కుదరకపోతే చెప్పకుండానే వాన్ అమ్మేద్దామనుకున్నా. నీ మీద ఇంత బరువు పెట్టి, దాన్ని ఆపే దారి నీ చేతికందకుండా ఎలా పంపిస్తాను?”

“ఏడిపించకండి పొద్దున్నే.”

“నువ్వేడవట్లేదుగా?”

“అప్పుడే అయిపోయింది. ఆ సీసా కనపడ్డ రోజు హాస్పిటల్ టీ రూములో కూర్చుని ఏడ్చా. మొదట కోపం వచ్చింది, తర్వాత ఏడుపు. మీరే చెప్తారని చూస్తూ వచ్చా ఇన్నాళ్లూ.”

“అన్నాళ్లనుంచి తెలుసా నీకు? తెలిసీ సెలవు పెట్టావా?”

“తెలిసే పెట్టా.”

“మరి నడిపేదెవరనుకున్నావ్?”

“డ్రిల్లు తీసుకోండి. రంధ్రం వెయ్యండి.”

“ఆగు, తొందరపడకు. చేతికందినంత మాత్రాన అయిపోదు. ఉత్త కారు నడపడం వేరు, వాన్ లాగడం వేరు. మలుపులో వెడల్పుగా తిప్పాలి. రివర్స్‌లో అంతా తిరకాసే, కుడికి తిప్పితే వాన్ ఎడమకి పోతుంది. ఎవరైనా తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోవాలి. రేపు కాకపోతే పోయె, ఓ రెండు నెలలు వాయిదా వేద్దాం. నేర్చుకున్నాకే వెళ్దాం.”

“రేపే.”

“రేపెలా కుసుమా? ఒక్కరోజులో వస్తుందా ఇదంతా? పైగా ఈ నాబ్ ఎడమ పక్కే ఎందుకో కూడా నువ్వింకా చెప్పలేదు. కుడిపక్కకి మార్చనా?”

“బిళ్ల ఎక్కడుందో అక్కడే వెయ్యండి. శ్యామసుందరి గారి కారులో నాబ్ సరిగ్గా అక్కడే ఉంటుంది. ఉగాది నుంచీ ప్రతి శనివారం, ఖాళీ గ్రౌండులో ఆవిడ వాన్ లాగుతూ, నేను చేస్తున్న పారాయణం అదే.”