పావు మైలు తక్కువ

ఆ కుర్చీ ఇటు లాక్కో ఊనా. ఏ పబ్బంటావ్? ఇప్పుడు టైర్ల కొట్టు ఉందే, అదే హొనోరమ్మ పబ్బు. గుర్రపు బళ్ల కాలంలో ఈ లిమరిక్ రోడ్డు మీద ఇరవై రెండు మైళ్లకి పదకొండు పబ్బులుండేవిట. ఇప్పుడు ఒక్కటి, అదీ శుక్రవారమే తీస్తాడు. ఏం చెప్తున్నా... ఆఁ, ఆదివారం. ఆదివారం పబ్బులు మూసెయ్యాలని అప్పట్లో మన ఐర్లండ్‌లో చట్టం. బాటసారికి మాత్రం మందు పొయ్యొచ్చు. బాటసారంటే ఎవడు? రాత్రి పడుకున్న చోటు నుంచి మూడు మైళ్లు దాటి వచ్చినవాడు. అందుకని మా ఊరివాళ్లు పక్కూరికీ, వాళ్లు మా ఊరికీ నడక, నడిదారిలో ఒకళ్లకొకళ్లు టోపీలెత్తుకోడం! నవ్వకు, నిజం. మా ఇల్లేమో ఊరికి ఇవతలి కొసన. అక్కణ్ణుంచి పక్కూళ్లో హొనోరమ్మ పబ్బుకి రెండూ ముప్పావు మైళ్లే. అమ్మని పూడ్చిపెట్టిన ఏడు, ఇరవై ఆరేళ్లు నాకు, వారమంతా ఆవులతో తప్ప మాట్లాడే దిక్కు లేదు. మనిషి గొంతు విందామని పోతే హొనోరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "రాత్రెక్కడ పడుకున్నావురా ఫింటన్?" అంది. "మా ఇంట్లోనే." "అబద్ధమాడ్డం కూడా రాదు వెధవకి! పావు మైలు తక్కువ. సార్జంటు చూస్తే నా లైసెన్సు పోతుంది, నీ మొహం చూసి మళ్లీ ఇస్తాడా?" తలొంచుకుని వెనక్కి తిరిగాను. కేకేసింది. "శనివారం రాత్రి తూర్‌మోర్‌లో మా అక్కింట్లో పడుకో. మూడున్నర మైళ్లు. కప్పు కారుతోంది, బాగుచేస్తే మంచం ఇస్తుంది."

తొమ్మిది శనివారాలు పడుకున్నా. తొమ్మిది ఆదివారాలు దర్జాగా బాటసారిని! కప్పు ఎప్పుడో బాగైంది, అది వేరే సంగతిలే. పొద్దున్నే టీ ఇచ్చేది మీ నానమ్మ కదా, ఆ అక్కగారి కూతురు. పదో ఆదివారం టీ తాగుతూ కూర్చున్నానా, కూర్చునే ఉన్నా. మధ్యాహ్నం దాటింది. ఎవరో తలుపు బాదారు. చూస్తే హొనోరమ్మ! మోకాళ్లదాకా బురద, రొప్పు. "ఏ గుంటలో పడ్డావో అని దారంతా వెతుక్కుంటూ వచ్చాన్రా!" అని తిట్టి, మీ నానమ్మ వంక చూసి, నా వంక చూసి, కుర్చీలో కూలబడింది. "మూడున్నర మైళ్లు నడిచా. ఇప్పుడు బాటసారిని నేను. ఏదీ, పొయ్యండి నాకు!" టీ పోస్తే "ఇదా!" అంటూనే రెండు కప్పులు తాగింది. అమ్మ పోయాక, నేను రాలేదని వెతుక్కుంటూ వచ్చిన మొదటి మనిషి ఆవిడే ఊనా. ఇక్కణ్ణుంచి ఆవిడ సమాధి ఎంత దూరం? పావు మైలు. ఈ మోకాళ్లు ఇప్పుడు నడిచేదీ సరిగ్గా అంతే... వాన తగ్గినట్టుంది. ఆ కర్ర ఇలా అందుకో.