ఆఖరి సాష్టాంగం

యొరుబా వాళ్ళ ఊరు. కొత్త రాజుగా ఎంపికైన కుర్రాడు అదెసీనా, తల్లి ఇంటి ముందుగదిలో. వీధిలో మద్దెలల వాళ్ళు కాచుకుని ఉన్నారు.

"మొహం ఇటు తిప్పమ్మా. పెద్దలు ఎండలో నుంచున్నారు."

"నుంచోనీ. నేను పిలిచానా వాళ్ళని?"

"ఒక్క సాష్టాంగం. తల మీద చెయ్యి పెట్టి దీవిస్తావు, అంతే. ఒకసారి జనం 'కబియేసీ' అని జేజే కొట్టారంటే రాజు ఇంకెవరి ముందూ పడుకోకూడదు, తల్లి ముందైనా సరే. ఇదే ఆఖరుది."

"తెలుసు. ముందు నేనడిగిందానికి చెప్పు. మీ అన్న వీపు సంగతి పెద్దలకి ఎవరు చెప్పారు?"

"మళ్ళీ అదే!"

"మళ్ళీ అదే. ఇఫా జోస్యంలో వచ్చింది వాడి పేరు, నీది కాదు. ఒంటి మీద లోపమున్నవాడు గద్దెకి పనికిరాడని నీకు తెలుసు. వాడి వీపు చూసినవాళ్ళం ఇద్దరమే, నువ్వూ నేనూ."

"ఎవరో చూసుంటారు. ఏట్లో స్నానం చేస్తుంటే..."

"చొక్కాతో స్నానం చేసే మనిషిరా వాడు!"

"సరే, అడిగారు. అడిగితే చెప్పాను. పెద్దల ముందు అబద్ధమాడమంటావా?"

"ఆ వీపు ఎలా కాలిందో చెప్పావా?"

"ఇప్పుడదంతా ఎందుకు..."

"నిన్నేరా. ఎలా కాలిందో చెప్పావా?"

"అది వాళ్ళు అడగలేదు."

"ఛీ!"

"అమ్మా..."

"ఛీ! మరిగే పామాయిల్ బాన ఒరిగిపోతుంటే, దాని పక్కన ఆడుకుంటున్న నిన్ను పొట్టకి కరుచుకుని వాడు బోర్లా పడ్డాడు. నీ మీద బొట్టు పడలేదు. ఆ నున్నటి ఒళ్ళే కదురా పెద్దలకి చూపించుకుని మురిసిపోయావు!"

"ఊరి మంచికే చేశాను. అన్నకి చదువేది? ఇబాదాన్‌లో కాలేజీ మొహం చూశాడా?"

"నీ ఫీజుల కోసం కోకో తోటలో గొడ్డులా చాకిరీ చేసినవాడికి చదువేదని అడుగుతున్నావా? డోకొస్తోందిరా నాకు. రాత్రి నువ్వు తినొదిలిన పళ్ళెం ముట్టుకోబుద్ధి కాలేదు."

"తిట్టు. తిట్టి దీవించు. నన్ను దీవించమని అన్నే నీతో అన్నాడు, నా చెవులారా విన్నాను."

"అన్నాడు. నువ్వు కట్టుకున్న ఆ తెల్లబట్ట ఇస్త్రీ చేసిందీ వాడే. అందుకే నిన్ను చూస్తే ఇంకా అసహ్యం."

"అమ్మగారూ! నేను, మంత్రి ఒజోమోని, బయట్నుంచి. పొద్దెక్కుతోంది తల్లీ. దీవెన అయిందా?"

"అవుతోందండీ. నేను కేకేస్తే మద్దెల మోగించండి."

"బతికించావమ్మా! ఇదుగో, పడుకున్నా. నుదురు నేలకానించా. చెయ్యి పెట్టు. అమ్మా... మోకాళ్ళేస్తున్నావేంటి? లే! నువ్వు కాదు, నేను..."

"కబియేసీ!"

"ఆ మాట అనకు! ఇంకా దీవించలేదు నువ్వు!"

"కబియేసీ! ఒజోమో గారూ, మోగించండి!"

"అయ్యో, వీధంతా అందుకున్నారు... ఒక్కసారి చెయ్యి పెట్టమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

"లేవండి ప్రభూ, తమరు ఎవరి ముందూ పడుకోకూడదు. నాకున్న ఒక్క కొడుకు పెరట్లో ఆకలితో ఉన్నాడు, పెండలం దంచి పెట్టుకోవాలి, సెలవిప్పించండి."