తాళ్లకు పాఠం చెప్పిన గుమాస్తా

అధ్యక్ష స్థానంలో ఉన్న మేనేజర్ గారికి, ముందు వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న పెద్దలకు, గుడారాలు కుట్టే చేతులన్నిటికీ నమస్కారం.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ గుడారాల కంపెనీలో ఇంగ్లీషు ఉత్తరాలు రాశానని ఇందాక అందరూ పొగిడారు. నా మొదటి నెల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే చెప్పేస్తాను. బిగించి కట్టిన తాడును ఇంగ్లీషులో టాట్ అంటారు. నేర్పడం అయిపోయిందనడానికీ టాట్ అనే పలుకుతారు, కాకపోతే రాసేటప్పుడు దాని మధ్యలో జి, హెచ్ అనే రెండక్షరాలు నోరు మూసుకుని కూర్చుంటాయి. నలభై గుడారాలు కొన్న ఒక ఎగ్జిబిషన్ వాళ్లకు పంపిన సూచనల కాగితంలో నేను ఆ ఇద్దరినీ కూర్చోబెట్టాను. దాంతో "గుడారం లేపే ముందు ప్రతి తాడుకూ నేర్పించవలెను" అని అర్థం వచ్చింది.

వారంలో జవాబొచ్చింది. "మీ తాళ్లకు రెండు రోజులుగా చెబుతున్నాం. ఒక్కటీ నేర్చుకోలేదు. మాస్టారినైనా పంపండి, గుడారాలైనా వెనక్కి తీసుకోండి." (నవ్వులు)

మీరు నవ్వుతున్నారు గానీ, నాకు ఆ రోజు అన్నం సహించలేదు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు మరి. ఆ కంగారులో క్షమాపణ రాస్తూ, మనుషుల ఆందోళనకు వాడే టెన్స్ అనే మాటను తాళ్లకూ, తాళ్లకు వాడే టాట్‌ను మనుషులకూ తగిలించాను. ఈసారి స్పెల్లింగు మాత్రం సరిగ్గానే ఉంది. వాళ్లు తిరిగి రాశారు: "తాళ్లను దిగులు పడొద్దనండి. మీ సిబ్బందిని ఏ మేకులకు కట్టారో తెలియజేయగలరు."

అప్పటి మేనేజర్ గారు నన్ను పిలిచి, "రాసింది నువ్వే కదమ్మా, వెళ్లి పాఠం కూడా నువ్వే చెప్పిరా," అన్నారు. తోడుగా మన మేస్త్రి గారిని పంపారు. అదిగో, రెండో వరుసలో కళ్లు మూసుకుని శ్రద్ధగా వింటున్నారే, ఆయనే. (నవ్వులు) అక్కడ ఆయన ఒక తాడు బిగించి నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"వేలితో మీటి చూడమ్మా. మోగిందా? అది బిగువు. మరి నీ భుజాలు చెవుల దాకా లేచాయే, అది కంగారు."

మొదటిది టాట్, రెండోది టెన్స్. ఆ తర్వాత నేనెప్పుడూ తడబడలేదు. సాయంత్రానికి పన్నెండు గుడారాల తాళ్లు నా చేతుల్తో బిగించాను, అరచేతులు బొబ్బలెక్కాయి, ఎగ్జిబిషన్ యజమాని నవ్వి గుడారాలు ఉంచేసుకున్నాడు, నా ఉద్యోగమూ ఉండిపోయింది.

మేస్త్రి గారూ, ఆ రోజు మీకు థాంక్స్ చెప్పడం మరిచిపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆయన్ని ఎవరైనా కాస్త తట్టి లేపండి.

ఇవాళ పొద్దున నా రిలీవింగ్ లెటర్ నేనే టైప్ చేసుకున్నాను. ఆఫీసులో ఆ పని నాదే కదా. ఒక్క తప్పు దొరికినా, సరిదిద్దే వంకతో రేపు రావచ్చని నాలుగుసార్లు చదివాను. ఒక్కటీ దొరకలేదు.

ఇంతసేపు ఓపిక పట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.