కారు షెడ్డుకి లైనింగ్

సాయంత్రం దర్జీ తన కొట్టు మూసి టీ బల్ల దగ్గరికి వచ్చాడంటే, మేమంతా కాస్త జరిగి చోటిస్తాం. ఆయన మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆపాలని మాకూ ఉండదు. ఆయన రాని రోజున టీ కూడా చప్పగా ఉంటుంది.

ఆవేళ సెలూన్ ఆయన ఊరికే ఉండక, "ఏం దర్జీగారూ, మీ కారు షెడ్డు గదైపోయిందట కదా, ఎవరు చేశారేంటి?" అని అడిగాడు.

"ఎవరు చేశారా? అదేం ప్రశ్నయ్యా! ఇవిగో, ఈ చేతులు చేశాయి. గోళ్ళ సందుల్లో ఇంకా సిమెంటు పోలేదు చూడు. పెద్ద పనేం కాదులే, ఓ చిన్న గది. మొదట్నుంచీ చెబుతా విను. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. మెట్లెక్కొద్దన్నాడు డాక్టర్. మేముండేది మేడ మీద. ఆవిడ అసలే పట్టుదల మనిషి. 'కూతురింటికొచ్చి మూటలా మోయించుకుంటానా? ఆసుపత్రి పక్కనే ఏదో గది చూడండి, నా తిప్పలు నేను పడతాను' అంది. మా ఆవిడ ముక్కు చీదుతూ కూర్చుంది. కింద కారు షెడ్డుంది కదా. మాకు కారు లేదనుకో, మాకు ఇల్లు అమ్మినాయన ఆశ కొద్దీ కట్టించుకున్నాడు. లోపలంతా పాత కుట్టు మిషన్లు, తల లేని షాపు బొమ్మ, బూజు. వరసకి బావమరిది అయ్యేవాడొకడు కాంట్రాక్టరు. వాడొచ్చి షట్టరెత్తి చూసి, 'బావా, ఇది గది కాదు, పెట్టె. నేలకి చెమ్మ, గోడ పలచన, కిటికీ లేదు. మేస్త్రీలు, కూలీలు, తక్కువలో తక్కువ రెండు నెలలు' అన్నాడు. ఆవిణ్ణి వారంలో ఇంటికి పంపిస్తామంటున్నారు ఆసుపత్రి వాళ్ళు! 'అయితే నేనే చేసుకుంటానురా' అన్నాను. వాడు నవ్వాడు. నవ్వితే నవ్వాడు, పోనీ. ఏమన్నాడో తెలుసా? 'ఇదేమన్నా జాకెట్టా బావా, పొద్దున ఇస్తే సాయంత్రానికి కుట్టి ఇవ్వడానికి?' అన్నాడు. నాకెక్కడో కాలింది."

"అక్కడే పొరపాటు చేశాడు పాపం," అన్నాడు బస్సు కండక్టర్, టీ ఊదుకుంటూ.

"చేశాడు మరి! సరే, ముందు నేల. వీధిలో వాననీళ్ళు లోపలికి రాకుండా ఎత్తు చెయ్యాలి. చెమ్మ పైకి ఎక్కకుండా కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద కాంక్రీటు. సిమెంటు మూట ఈ చేత్తో ఎత్తి, ఆ చేత్తో నీళ్ళు పోశాను."

"మరి కలిపింది దేంతో?"

"కాలితో. ఇన్నేళ్ళు మిషన్ తొక్కిన కాలయ్యా ఇది! చదును చేశాక, చూద్దాం అని ఓ బొట్టు నీళ్ళు వేశాను. ఆ బొట్టు ఎటు పోవాలో తెలీక, ఉన్నచోటే నిలబడి నిలబడి ఆరిపోయింది. మా బావమరిది నమ్మడే! రసమట్టం తెచ్చాడు. అదేనయ్యా, లోపల గాలిబుడగ అటూ ఇటూ ఆడుతుంటుంది, మేస్త్రీలు నేల చదును చూసుకుంటారు, అది. నా నేల మీద పెట్టాడు. బుడగ వచ్చి నట్టనడుమ నిలబడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"ఇక కదిలితే ఒట్టు! వాడు ఇంటికి తీసుకెళ్ళి ఏటవాలుగా పెట్టాడు, నిలువునా పెట్టాడు, తలకిందులు చేశాడు. ఊహూఁ. అంతటి నేల చూశాక ఇంకెక్కడికీ పోనంది. వాడు పోయి కొత్త రసమట్టం కొనుక్కున్నాడు. ఇప్పుడు నాకు కనబడితే 'బావగారూ' అంటున్నాడు, గారు తగిలించి! ఆ తర్వాత షట్టరు. షట్టరంటే ఏంటి, పెద్ద జిప్పే కదా. ప్యాంటుకి జిప్పు పీకి బొత్తాలు కుట్టినంత సేపు పట్టింది. అక్కడ గోడ లేపి, ఓ తలుపు, ఓ కిటికీ పెట్టాను. కిటికీ తెరిచానో లేదో, వీధిలో ఎండంతా లోపలికి జొరబడింది! ఎదురింటి వాళ్ళు పట్టపగలు లైట్లు వేసుకున్నారు. ఆ ఇంటి టీచరమ్మ తడిబట్టల బకెట్టు పట్టుకుని వచ్చి, 'అన్నయ్యగారూ, మీకు పుణ్యముంటుంది, కాస్త కర్టెన్ వెయ్యండి, మా బట్టలు ఆరడం లేదు' అని బతిమాలింది. ఆడకూతురు నోరు తెరిచి అడిగితే కాదంటామా? పొద్దుటి ఎండ మాకు, మధ్యాహ్నం ఎండ వాళ్ళకి. వంతులేసుకున్నాం."

"మరి నా కొట్టుకి వంతు రాలేదే?" అన్నాడు టీ కొట్టాయన.

"నీకు పొయ్యి ఉందిగా, ఇంకా ఎండెందుకు? విను. ఇక గోడలు. మామూలు మేస్త్రీ అయితే సున్నం కొట్టి చేతులు దులుపుకుంటాడు. నేను లైనింగ్ వేశాను. చలి కోటుకి లోపల వేస్తామే, అట్లా. చెక్క చట్రం కొట్టి, మధ్యన దూది పరుపులాంటిది దట్టించి, పైన బోర్డు బిగించాను. మా అత్తగారు పొద్దున టీ తాగడం మరిచిపోయి బల్ల మీద వదిలేసింది. మర్నాడు చూసుకుని, చల్లారిపోయుంటుందని గటుక్కున తాగి, నాలుక కాల్చుకుంది. చలిగాలి వచ్చి గోడ తట్టి, తట్టి, ఇంట్లో ఎవరూ లేరేమోననుకుని వెళ్ళిపోయిందనుకో!"

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నవ్వొస్తోంది గానీ, ఆయన మొహంలో ఆ వెలుగు చూస్తే ఎవరికీ అడ్డు చెప్ప బుద్ధి కాదు.

"అసలు సంగతి ఇంకా చెప్పనే లేదు! దర్జీ అన్నవాడు బట్ట కుట్టేటప్పుడు లోపల ఏం వదులుతాడు?"

"నా చొక్కాకి మాత్రం ఏమీ వదల్లేదు," అన్నాడు కండక్టర్, పొట్ట మీద గుండీ లాక్కుంటూ.

"నువ్వు పెరిగిన పెరుగుడుకి బట్ట తాను మొత్తం వదిలినా చాలదు! మడత వదులుతాడయ్యా, మడత. రేపు ఒళ్ళొస్తే కుట్టు విప్పి వదులు చేసుకోడానికి. నేను గోడల్లో అదే వదిలాను. మా అత్తగారిని చూడ్డానికి చుట్టాలొచ్చారు, చోటు చాల్లేదు. ఓ కుట్టు విప్పాను, గది బారెడు పెరిగింది. ఇంకా వచ్చారు, ఇంకో కుట్టు. ఆవిడ అక్కచెల్లెళ్ళు, వాళ్ళ కోడళ్ళు, మనవలు, మనవల స్నేహితులు... నేను విప్పుతూనే ఉన్నాను, గది సాగుతూనే ఉంది! ఈ మూల నుంచి 'అత్తయ్యా, మందు వేసుకున్నారా?' అని కేకేస్తే, 'వేసుకున్నాను' అన్న జవాబు మర్నాడు వచ్చేది. కరెంటాయన మీటరు చూస్తానని లోపలికెళ్ళాడు. నున్నగా గీయించుకుని వెళ్ళిన మనిషి, గడ్డంతో బయటికొచ్చాడు!"

"ఓహో, అదా! ఈమధ్య నా దగ్గరికి ఎందుకు రావట్లేదా అనుకుంటున్నా," అన్నాడు సెలూన్ ఆయన.

"అందుకే మరి! ఇప్పుడు కూడా, ఈ టీ తాగి నేను బయల్దేరితే, భోజనాల వేళకి ఆవిడ మంచం కంటబడితే గొప్పే."

"అంత శ్రమ ఎందుకు అల్లుడుగారూ, ఇక్కడే ఉన్నాను."

అందరం వెనక్కి తిరిగాం. చేతికర్ర ఆనించుకుని ఓ పెద్దావిడ నిలబడి ఉంది. మేం గబగబా లేచాం. టీ కొట్టాయన స్టూలు తుడిచి వేశాడు. ఆవిడ మెల్లగా కూర్చుని, ఊపిరి తీసుకుంది.

"రోజూ కాస్త నడవమన్నారు. వీధి చివరిదాకా రావడం ఇవాళే మొదలు. చాలాసేపట్నుంచీ వింటున్నాను నాయనా," అంది సెలూన్ ఆయనతో. "నేనుండే గది కదా, కాస్త నేనూ చెబుతాను. పాత మిషన్లకి సగం పోగా, మంచం వేస్తే మిగిలింది నా చెప్పులు విడిచే చోటు. తలుపు తీయాలంటే కాళ్ళు పైకి పెట్టుకోవాలి. కిటికీ రెక్కల్లో ఒకటి తెరుచుకోదు, ఒకటి మూసుకోదు. ఇక నేలంటారా, మాత్ర చెయ్యి జారితే నేను వెతుక్కోను. ఎక్కడ పడేసినా దొర్లుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే ఆగుతుంది."

టీ బల్ల బల్లంతా గొల్లున నవ్వింది. కండక్టర్‌కి పొలమారింది. దర్జీ గ్లాసులోకి చూస్తూ, "కొత్త సిమెంటు కదా, కాస్త కుదురుకోవాలి," అని గొణిగాడు.

ఆవిడ మాత్రం నవ్వలేదు.

"పని చేసింది మాత్రం ఆయనే. అందులో అబద్ధం లేదు. నడుం పట్టేసి వంగలేకపోతుంటే మా అమ్మాయి కాపడం పెట్టేది, మళ్ళీ లేచి వెళ్ళేవారట. ఇంకొకటుంది, అది ఈయన మీకు చెప్పలేదు. నేను ఆసుపత్రిలో ఉండగా టేపు మెళ్ళో వేసుకుని వచ్చారు. 'అత్తయ్యా, ఓసారి మంచం మీద కూర్చోండి, చెయ్యి చాపండి, కాలు కింద ఆనించండి' అని కొలతలు తీసుకున్నారు. ఈ స్థితిలో నాకు జాకెట్లేంటి, ఈయనకి మతిపోయిందా అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే, మంచం సరిగ్గా నా కాలికి అందే ఎత్తు. లేవబోతూ చెయ్యి ఎక్కడ వేస్తానో, పట్టుకునే కమ్మీ అక్కడే ఉంది. లైటు స్విచ్చి కూర్చున్నచోటికే అందుతుంది. కిటికీ ఎంత కిందికి పెట్టారంటే, మంచం మీద పడుకునే ఉండి, వీధిలో వచ్చేపోయే వాళ్ళందర్నీ చూస్తాను. ఆ గదిలోకి వచ్చాక నేను లేవడానికి ఇంతవరకూ ఎవర్నీ పిలవలేదు నాయనా. ఒక్కసారి కూడా."

టీ కొట్టాయన పొయ్యి మీద మరుగుతున్న పాలు దించి, ఆవిడకి ఓ టీ కలిపి ఇచ్చాడు.

కండక్టర్ గొంతు సవరించుకుని, "ఏమయ్యా, ఎండకి వంతులన్నావు, గడ్డాలన్నావు, ఇంత చెప్పావు. ఇది చెప్పలేదేం?" అన్నాడు.

దర్జీ చెవులదాకా ఎర్రబడ్డాడు. మేం ఎన్నడూ చూడలేదు ఆయన్ని అలా. గ్లాసు అటూ ఇటూ తిప్పి, "అందులో చెప్పడానికేముందయ్యా," అన్నాడు. "కొలత తీసుకోకుండా ఎవడైనా కోస్తాడా?"