పొద్దుటి మీటింగు

సెలూన్ షట్టరు సగమే పైకెత్తి ఉంది. ఏడాది కిందట మందు మానేసిన బావ కుర్చీలో కూర్చున్నాడు. బామ్మర్ది కత్తికి కొత్త బ్లేడు వేయబోయి రెండుసార్లు జారవిడిచాడు.

"మందు మానేవాళ్ల మీటింగులు మూడు చూపించాను. ఒక్కదానికీ రెండోసారి రాలేదేంరా?"

"అన్నీ సాయంత్రాలే బావా. సాయంత్రం నేను బాగానే ఉంటాను. నాకు పొద్దున్నే చావొస్తుంది."

"అందుకని పొద్దున్నే తాగుతావా?"

"సరదాకి తాగుతున్నానా? రెండు గుక్కలు పడకపోతే చెయ్యి వణుకుతుంది. వణికే చేత్తో ఒకడి గొంతు మీద కత్తెలా పెట్టమంటావు?"

"గుక్కలు పడ్డాక?"

"చెయ్యి నిలబడుతుంది. చూపు నిలబడదు."

"ఆసుపత్రి వెనక గదిలో పొద్దుటి మీటింగొకటి ఉంది. ముందు డాక్టరుకి చూపించి, అక్కడ కూర్చోబెడతాను. పద."

"ఇప్పుడా? గిరాకీ వేళ! కొట్టు మూస్తే అక్క పోషిస్తుందా నన్ను?"

"గిరాకీయా? ఈమధ్య ఎవడొస్తున్నాడ్రా?"

"నువ్వొచ్చావుగా. గడ్డం మాసిపోయింది, వెనక్కి వాలు. గీసేస్తాను."

బావ చటుక్కున కుర్చీలోంచి లేచాడు.

"నెల్లాళ్లుగా ఎందుకు పెంచుతున్నానో ఒక్కసారైనా అడిగావట్రా?"

"బద్ధకమనుకున్నాను."

"భయంరా."

బామ్మర్ది అద్దంలో ఆ గడ్డం వంక చాలాసేపు చూశాడు. తర్వాత కత్తి మడిచి సొరుగులో పెట్టి, బావతో బయటికొచ్చి షట్టరు కిందికి లాగి, తాళంచెవి బావ చేతిలో పెట్టాడు.

"నువ్వెయ్యి బావా. నా చేతికి కన్నం దొరకదు."